దూరం మారదు, టైమే మారుతుంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ: ఈ ఎయిర్‌పోర్ట్ నుంచి ఆ ఎయిర్‌పోర్ట్‌కి ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది, నెట్‌లో ఒకలా టికెట్ మీద ఇంకోలా ఎందుకుంటుంది. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి, అన్నిటికీ ఒకచోటే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి 5,550 కిలోమీటర్లు, ఆరున్నర గంటలు అని ఒక వెబ్‌సైట్‌లో చూశాను. టికెట్ మీద మాత్రం ఎనిమిది గంటలుంది. గంటన్నర తేడా ఏమిటండీ? ఎవరు తప్పు?

ఎవరూ తప్పు కాదు. అది చెప్పేది ఒకటి, ఇది చెప్పేది ఇంకొకటి.

ఆ వెబ్‌సైట్ చేసే పని చాలా చిన్నది. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు తీసుకుంటుంది, భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న గుండ్రటి బంతి అనుకుని ఆ రెండు చుక్కల మధ్య అన్నిటికన్నా దగ్గర దారి ఎంతో హావర్‌సైన్ అనే సూత్రంతో కడుతుంది. (నిజానికి భూమి పూర్తి గుండ్రం కాదు, భూమధ్యరేఖ దగ్గర 6,378, ధ్రువాల దగ్గర 6,357. కానీ దీనివల్ల వచ్చే తేడా మహా అయితే అర శాతం, దాని గురించి మనం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.) వచ్చిన దూరాన్ని గంటకు 850 అనో 900 అనో ఒక స్పీడుతో భాగిస్తుంది. అంతే, అయిపోయింది. గాలి లేదు, రన్‌వే లేదు, క్యూ లేదు. విమానం పుట్టడమే 900 స్పీడులో పుట్టి, అదే స్పీడులో గేటుకి వచ్చి ఆగినట్టు లెక్క.

టికెట్ మీదున్నది బ్లాక్ టైమ్. గేటు దగ్గర చక్రాల కింద పెట్టిన అడ్డుదిమ్మలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతలి గేటు దగ్గర మళ్ళీ దిమ్మలు పెట్టేదాకా. ఇందులో రన్‌వే దాకా నేలమీద పాకడం ఉంది, ముందున్న విమానాల వెనక నిలబడటం ఉంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు స్పీడు తక్కువ. పైగా విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, కాబట్టి మీరు పడమరకి వెళ్ళాల్సి ఉన్నా తూర్పుకి లేచి చుట్టు తిరిగి రావాల్సిన రోజులుంటాయి. దిగే దగ్గర రద్దీగా ఉంటే గాల్లో గుండ్రంగా తిప్పుతారు, ఒక్కో చుట్టు దాదాపు నాలుగు నిమిషాలు. ఇవన్నీ కలిసి అరగంట, ముప్పావు గంట తినేస్తాయి. మిగిలిన ముప్పావు గంటని మీ విషయంలో తినేసింది గాలి. దాని సంగతి కింద ఇంకో ప్రశ్నలో ఉంది.

ప్రశ్న: సీటు ముందు తెర మీద మన విమానం వెళ్ళే గీత విల్లులా వంకరగా ఉంటుంది. ముక్కుసూటిగా వెళ్తే దగ్గర కదా?

ముక్కుసూటిగానే వెళ్తోందండీ, వంకర మ్యాప్‌ది.

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని రెండు ఊళ్ళ మధ్య బిగించి పట్టుకోండి. ఆ దారం పోయే దారే దగ్గర దారి, దాన్నే గ్రేట్ సర్కిల్ అంటారు. ఆ గ్లోబు తోలు ఒలిచి బల్లపరుపుగా కాగితం మీద పరిస్తే ధ్రువాల వైపున్న భాగాన్ని సాగదీయక తప్పదు, దాంతో దారం కూడా వంగిపోతుంది. మనం ఎక్కువగా చూసే మ్యాపు మెర్కేటర్ 1569లో గీసిన పద్ధతిది. దాన్ని ఓడలు నడిపేవాళ్ళ కోసం గీశాడు, దిక్సూచి పట్టుకుని ఒకే దిక్కున పోయేవాళ్ళకి అది బంగారం. దూరాలు కొలవడానికి మాత్రం పనికిరాదు.

లెక్క చూపిస్తాను. న్యూయార్క్, మాడ్రిడ్ రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీదున్నాయి, నలభైన్నర డిగ్రీలు. మ్యాప్ మీద స్కేలు పెట్టి అడ్డంగా గీత గీసి ఆ గీత మీదే పోతే దాదాపు 5,930 కిలోమీటర్లు. ఉత్తరానికి వంగినట్టు కనిపించే దారిలో, అంటే 46 డిగ్రీల దాకా పైకెక్కి దిగితే, 5,760. వంకర అనుకున్నదే 170 కిలోమీటర్లు దగ్గర. ఇంకా ఆశ్చర్యం కావాలంటే దుబాయ్ నుంచి లాస్ ఏంజిలిస్ చూడండి, 13,400 కిలోమీటర్లు. మ్యాప్ మీద అట్లాంటిక్ దాటాలనిపిస్తుంది కానీ దారం బిగిస్తే అది నేరుగా ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. ఎడారి ఊరి నుంచి ఎండల ఊరికి వెళ్తూ మధ్యలో మంచుగడ్డల్ని చూడటం అన్నమాట!

ప్రశ్న: వెళ్ళేటప్పుడు ఒక టైమ్, వచ్చేటప్పుడు ఇంకో టైమ్ ఎందుకు? పోనీ రెండూ కలిపితే సరిపోతుంది కదా అని మా తమ్ముడి వాదన.

మీ తమ్ముడి వాదన వినడానికి బాగుంది కానీ తప్పు. ఎందుకో చెప్పేముందు గాలి సంగతి.

నేలకి 9 నుంచి 12 కిలోమీటర్ల పైన, అంటే సరిగ్గా పెద్ద విమానాలు తిరిగే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకి గాలి నదిలా పారుతుంటుంది. దాని పేరు జెట్ స్ట్రీమ్. ధ్రువాల వైపు చలికీ ఉష్ణమండలం వేడికీ ఉన్న తేడా వల్ల పుడుతుంది, భూమి తిరగడం వల్ల తూర్పుకి మళ్ళుతుంది. చలికాలంలో ఆ తేడా పెరుగుతుంది కాబట్టి గాలి జోరూ పెరుగుతుంది. గంటకు 150 కిలోమీటర్లు మామూలు, 300 దాటిన రోజులూ ఉంటాయి. తూర్పుకి పోయే విమానం ఏటివాలున పోయే పడవలాంటిది, పడమరకి పోయేది ఏటికి ఎదురీదుతుంది.

2020 ఫిబ్రవరిలో సియారా అనే తుఫాను సమయంలో న్యూయార్క్ నుంచి లండన్ వచ్చిన ఒక బోయింగ్ 747 ఈ గాలి మీదెక్కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేలతో పోలిస్తే దాని స్పీడు ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అది ధ్వని వేగం కన్నా ఎక్కువ కదా అని అడగొద్దు, తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది మామూలు స్పీడులోనే ఉంది, గాలే దాన్ని మోసుకొచ్చింది. (ధ్వనిని నిజంగా దాటింది కాంకార్డ్. అది 1996 ఫిబ్రవరి 7న అదే దారిని 2 గంటల 53 నిమిషాల్లోపే ముగించింది.) దక్షిణార్ధగోళంలోనూ ఇదే కథ. జోహన్నెస్‌బర్గ్ నుంచి సిడ్నీకి దాదాపు 12 గంటలైతే, అదే 11,000 కిలోమీటర్లు తిరిగి రావడానికి 14 గంటలు పడుతుంది.

ఇప్పుడు తమ్ముడి లెక్కకి వద్దాం. 6,000 కిలోమీటర్ల దారి, విమానం స్పీడు 900, గాలి 150 అనుకోండి. గాలి లేకపోతే ఒక్కో వైపు 6 గంటల 40 నిమిషాలు, రానూపోనూ 13 గంటల 20 నిమిషాలు. గాలి ఉంటే ఎదురుగా 750 స్పీడుతో 8 గంటలు, వెనకగాలితో 1,050 స్పీడుతో 5 గంటల 43 నిమిషాలు. కలిపితే 13 గంటల 43 నిమిషాలు. 23 నిమిషాలు గోవిందా. ఎందుకంటే ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు ఉంటాం, అది పెట్టే కష్టం ఇది చేసే సాయం కన్నా ఎక్కువసేపు నడుస్తుంది. అందుకే ఎదురుగాలి రోజున ఆ గాలి నది నడుమ నుంచి పోకుండా చుట్టుదారి పట్టుకుంటారు. ఉత్తర అట్లాంటిక్ మీదైతే తూర్పుకి, పడమరకి వేరువేరు ట్రాకులు రోజూ గాలిని చూసి కొత్తగా వేస్తారు. నిన్నటి దారి ఇవాళ ఉండకపోవచ్చు.

ప్రశ్న: భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కదా. విమానం గాల్లో ఊరికే నిలబడితే అవతలి ఊరే కిందికి రాదా?

ఈ ప్రశ్న వేసినవాళ్ళు ఒకరు కాదు, అయిదుగురు. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు దాదాపు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. దాని మీదున్న గాలీ దాంతోపాటే తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న విమానమూ అంతే. లేకపోతే గుమ్మంలో నిలబడి ఒక్క గంతు వేస్తే పక్క వీధిలో పడాలి. పడటం లేదు కదా.

ప్రశ్న: మొదటి ఫ్లైట్ దిగడానికి, రెండోది ఎక్కడానికి మధ్య 55 నిమిషాలుంది. నెట్‌లో చూస్తే మొదటి ఫ్లైట్ టైమ్ 2 గంటలే, టికెట్ మీద 2 గంటల 40 నిమిషాలు. అంటే 40 నిమిషాలు ముందే దిగుతాం కాబట్టి టెన్షన్ లేదు అనుకోవచ్చా?

అనుకోకండి. ఇదే లెక్క ఒకసారి నేనూ వేసుకుని ఒక పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో మూసిన గేటు ముందు నిలబడ్డాను. నేను ఎక్కాల్సిన విమానం అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది, నా బ్యాగు కూడా నాలాగే మిగిలిపోయిందని కౌంటర్లో అమ్మాయి ఓదార్చింది.

ఆ 40 నిమిషాలు ఎక్కడివంటే, కొంత నేలమీద పాకడానికి, కొంత గాలి తేడాలకి, కొంత మాత్రం ఎయిర్‌లైన్ కావాలనే పెట్టుకునే వెసులుబాటు. షెడ్యూలు దాటినా 15 నిమిషాల్లోపు వస్తే టైముకే వచ్చినట్టు లెక్కపెట్టడం ఈ రంగంలో మామూలు, ఆ మాట నిలబెట్టుకోవడానికి కాస్త ఎక్కువే రాసుకుంటారు. కాబట్టి ముందే దిగే రోజులుంటాయి, నిజమే. అయితే ముందే దిగినా గేటు ఖాళీ లేక రన్‌వే పక్కన ఆపేయొచ్చు. ఆగాక వెనక సీట్లో ఉన్నవాళ్ళు తలుపు దాకా రావడానికే పది, పదిహేను నిమిషాలు. అవతల రెండో విమానం బోర్డింగు అది కదిలే టైముకి కాదు, అంతకన్నా పది, ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు. మీ 55 నిమిషాల్లోంచి రెండు వైపులా కోసేస్తే మిగిలేది ఇరవై నుంచి ముప్పై అయిదు. అందులో సెక్యూరిటీ, టెర్మినల్ మారడం కూడా ఉంటే ఇక పరుగే.

రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉన్నాయా, విడివిడిగా కొన్నారా అన్నది మీరు రాయలేదు. అసలు సంగతి అదే. ఒకే టికెట్ అయితే తప్పిపోయినా తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత సాధారణంగా వాళ్ళది. విడివిడిగా కొంటే మొదటిది ఎందుకు లేటయిందో రెండోవాళ్ళకి అనవసరం.

ప్రశ్న: మైళ్ళు, నాటికల్ మైళ్ళు, కిలోమీటర్లు… ఒక్కో సైట్ ఒక్కోటి చూపిస్తుంది.

మామూలు మైలు 1.609 కిలోమీటర్లు. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. విమానాలకీ ఓడలకీ రెండోది ఎందుకంటే, ఒక డిగ్రీ అక్షాంశాన్ని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగం ఇంచుమించు ఒక నాటికల్ మైలు, కాబట్టి మ్యాప్ పక్కనున్న డిగ్రీల గీతే స్కేలుగా పనికొస్తుంది. గంటకు ఒక నాటికల్ మైలైతే ఒక నాట్. పైలట్ "450 నాట్లు" అంటే మన భాషలో 833 కిలోమీటర్లు.

కొలతలు కలగాపులగమైతే ఏమవుతుందో కెనడాలో 1983లో చూశారు. పౌండ్లకీ కిలోలకీ మధ్య తికమకలో సగమే ఇంధనం నింపుకున్న ఒక బోయింగ్ 767 ఇంజన్లు 41,000 అడుగుల ఎత్తులో ఆగిపోయాయి. గ్లైడర్‌లా జారుకుంటూ గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరం రన్‌వే మీద దిగింది, ఎవరి ప్రాణమూ పోలేదు.

ప్రశ్న: టోక్యోలో సాయంత్రం 5కి ఎక్కితే లాస్ ఏంజిలిస్‌లో అదే రోజు ఉదయం 10కి దిగుతుందట. మైనస్ ఏడు గంటల ప్రయాణమా?

టికెట్ మీద రాసే టైములన్నీ ఎక్కడికక్కడి గడియారం ప్రకారం ఉంటాయి. రెండిటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ఒకే ప్రామాణిక సమయంలోకి, మార్చి తీసివేయండి. టోక్యో 9 గంటలు ముందు, అంటే సాయంత్రం 5 అంటే యూటీసీ ఉదయం 8. లాస్ ఏంజిలిస్ చలికాలంలో 8 గంటలు వెనక, అంటే ఉదయం 10 అంటే యూటీసీ సాయంత్రం 6. తేడా 10 గంటలు, అదే అసలు ప్రయాణం. మధ్యలో తేదీ రేఖ దాటారు కాబట్టి అదే రోజు రెండోసారి తెల్లవారింది. తిరిగొచ్చేటప్పుడు ఒక రోజు మాయమవుతుంది, హోటల్ బుక్ చేసేటప్పుడు జనం ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

ప్రశ్న: హెల్సింకి నుంచి టోక్యోకి ఒకప్పుడు 9 గంటలు, ఇప్పుడు 13 అంటున్నారు. ఊళ్ళు జరిగాయా?

ఊళ్ళు జరగలేదు, దారి మూసుకుంది. ఆ రెండిటి మధ్య దగ్గర దారి 7,800 కిలోమీటర్లు, అందులో చాలాభాగం రష్యా మీదుగా. 2022లో యుద్ధం మొదలయ్యాక యూరప్ ఎయిర్‌లైన్స్‌కి ఆ ఆకాశం మూతపడింది. ఇప్పుడు దక్షిణంగానో, ఉత్తర ధ్రువం మీదుగానో చుట్టు తిరగాలి. వెబ్‌సైట్‌కి ఈ సంగతి తెలియదు, అది ఇప్పటికీ 7,800 అనే చెబుతుంది. ఇది మొదటిసారీ కాదు. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లోనూ ఇంతే, 1957లో కోపెన్‌హాగన్ నుంచి టోక్యోకి అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి ధ్రువం మీదుగా విమానాలు నడిపారు.

రాజకీయం లేని చోట కూడా దారి వంగుతుంది. టిబెట్ పీఠభూమి మీద విమానాలు తక్కువ. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పది వేల అడుగుల ఎత్తుకి గబగబా దిగాలి, అక్కడ నేలే సగటున అంతకన్నా ఎత్తు. రెండు ఇంజన్ల విమానాలకైతే ఒక ఇంజన్ ఆగితే ఇన్ని నిమిషాల్లో ఏదో ఒక ఎయిర్‌పోర్ట్ చేరగలగాలన్న నిబంధన ఉంది. ఒకప్పుడు 60 నిమిషాలే, 1985లో 120 అయింది, ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ350కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. ఆ గడువు పెరిగేకొద్దీ సముద్రాల మీద దారులు ముక్కుసూటిగా మారుతూ వచ్చాయి.

ప్రశ్న: సిడ్నీ అని కొడితే దూరం వింతగా చాలా తక్కువ చూపిస్తోంది. సైట్ పాడైందా?

కెనడాలోనూ ఒక సిడ్నీ ఉంది, నోవా స్కోషియాలో. ఊరి పేరు కాకుండా మూడక్షరాల కోడ్ కొట్టండి: ఆస్ట్రేలియా సిడ్నీ ఎస్‌వైడీ, కెనడా సిడ్నీ వైక్యూవై. నవ్వకండి, 2002లో ఒక బ్రిటన్ కుర్ర జంట ఆస్ట్రేలియా అనుకుని టికెట్లు కొని నిజంగానే కెనడాలో దిగారు.

ప్రశ్న: విమానం 25 నిమిషాలు లేటుగా లేచింది, టైముకే దిగింది. పైలట్ స్పీడ్ పెంచేశాడా?

పెంచినా వచ్చేది చిల్లరే. ధ్వని వేగంలో 78 శాతంతో పోయే విమానాన్ని 80కి పెంచితే గంటకి మిగిలేది ఒకటిన్నర నిమిషం, ఇంధనం మాత్రం ఎక్కువ కాలుతుంది. మీ 25 నిమిషాలు చాలావరకు షెడ్యూల్లో ముందే దాచుకున్న వెసులుబాటులోంచి వచ్చాయి. మిగతాది గాలి, లేదా మధ్యలో దొరికిన అడ్డదారి.

ప్రశ్న: సైట్లు వద్దు, నోటిలెక్కతో టైమ్ చెప్పే ఉపాయం ఉందా? అలాగే అన్నిటికన్నా పొడుగు ఫ్లైట్, పొట్టి ఫ్లైట్ ఏవి?

నేను వాడే గుడ్డి లెక్క ఇది: కిలోమీటర్లని 850తో భాగించి అరగంట కలపండి. తూర్పుకైతే కొంచెం తగ్గించండి, పడమరకైతే కొంచెం పెంచండి. సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే, షెడ్యూలు ఫ్లైట్లలో అన్నిటికన్నా పొడుగైనది, 15,300 కిలోమీటర్ల పైమాట. 850తో భాగిస్తే 18, అరగంట కలిపితే పద్దెనిమిదిన్నర గంటలు. నిజంగా పట్టేదీ ఇంచుమించు అంతే. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి ఏ రెండు ఎయిర్‌పోర్టుల మధ్యా దగ్గర దారి 20,000 దాటదు, అంటే ఆగకుండా ఎగిరే విమానమే ఉంటే ప్రపంచంలో ఎక్కడికైనా ఇంచుమించు ఒక్క రోజే.

పొట్టిది స్కాట్లండ్‌లో ఉంది, ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్‌రే నుంచి పాపా వెస్ట్‌రే దాకా. దూరం 2.7 కిలోమీటర్లు, షెడ్యూలు రెండు నిమిషాలు, రికార్డు 53 సెకన్లు. నా గుడ్డి లెక్క దానికి అరగంట చెబుతుంది.